నియాన్ టెట్రాలు రంగు తగ్గి మూలన నక్కుతుంటే ఏం చేయాలి?

కొత్త అక్వేరియంలో నాలుగు నియాన్ టెట్రాలు (నీలి చార ఉండే చిన్న చేపలు) వేస్తే వారంలో రెండు చనిపోయాయనీ, మిగిలినవి ఫిల్టర్ వెనక నక్కుతున్నాయనీ, ఏ మందు వేయాలనీ అడిగారు. దయచేసి ఏ మందూ వేయకండి. కొత్త తొట్టెలో వెంటనే చేపలు వదిలే పొరపాటు నేనూ చేశాను.

హైదరాబాద్‌లో మా ఇంట్లో ఒక ఆదివారం ఉదయం తొట్టె నింపి, సాయంత్రానికే ఆరు చేపలు వదిలాను. నాలుగో రోజు రెండు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ కనిపించాయి. భయపడి నీళ్లన్నీ పారబోసి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండి కడిగాను. పదో రోజుకు ఒక్కటే మిగిలింది. దాన్ని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

తరువాత తెలిసింది, అసలు పని చేసేది ఆ స్పాంజిలోని జిగురేనని. చేపల విసర్జనల నుంచి అమ్మోనియా పుడుతుంది. స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపై అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు నీళ్లు అద్దంలా మెరుస్తున్నా వాటిలో విషం ఉండవచ్చు. కుళాయి నీటిలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది.

కాబట్టి ఇప్పుడు కొత్త చేపలు కొనకండి. రోజూ పావు వంతు నీళ్లు తీసి, క్లోరిన్ పోగొట్టే ద్రావణం కలిపిన నీళ్లు పోయండి. మేత రెండు రోజులకోసారి చిటికెడు చాలు. రాత్రిళ్లు ఫిల్టర్ ఆపవద్దు. స్పాంజి మురికైతే తొట్టెలోంచి తీసిన నీటిలోనే మెల్లగా జాడించండి. నీటిని పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి, వారం పాటు అలాగే నిలిచాక ఇంకో ఎనిమిది తెచ్చుకోండి.

ఎనిమిది ఎందుకంటే, ఇవి గుంపులో ధైర్యం తెచ్చుకునే జీవులు. మూడు సెంటీమీటర్ల చేపకు చుట్టూ తోటి చేపలు లేకపోతే ప్రతి నీడా శత్రువే. నా దగ్గర ఇప్పుడు పన్నెండు ఉన్నాయి, రెండడుగుల తొట్టెలో. ప్రశాంతంగా ఉన్నప్పుడు దేని దారిన అది అన్నట్టు విడివిడిగా తిరుగుతాయి. నేను చేయి పెట్టగానే ఒక్కసారిగా ముద్దలా దగ్గరకు చేరతాయి. అవి ఒత్తుగా గుంపు కట్టాయంటే బెదిరాయని అర్థం, చాలామంది అది ముచ్చట అనుకుంటారు.

మీది లవణాలు ఎక్కువుండే బోరు నీళ్లయితే ఇంకో మాట. వీటి పుట్టిల్లు పెరూ, కొలంబియా, బ్రెజిల్‌లలోని అమెజాన్ వాగులు, ఆకులు నాని టీ రంగు తేలిన, లవణాలు తక్కువుండే మెత్తటి నీళ్లు. నేను బోరు నీటిలో సగం ఆర్వో నీళ్లు కలిపి, బాగా ఎండిన బాదం ఆకు ఒకటి వేస్తాను. అంత ఓపిక లేదంటే జీబ్రా డానియోలు పెంచండి. అవి మన ఉపఖండపు చేపలే, కాస్త కఠిన జలాన్నీ తట్టుకుంటాయి, వాటికీ గుంపు కావాలి.

రాత్రి లైటు ఆర్పాక నీలి చార మాసిపోయినట్లు కనిపిస్తే కంగారు పడకండి, అది నిద్ర వేళ రంగు. మా ఇంట్లో పొద్దున్నే లైటు వేస్తే మొదట బూడిద రంగులో తేలుతూ కనిపిస్తాయి. నేను కాఫీ ముగించేలోపు ఒక్కొక్కటిగా నీలం వెలుగుతుంది.