ఉబ్బిన ప్యాడిల్ బోర్డు: లోపం ఎవరిదో తేలేవరకు బాగుచేయించకండి

ప్రశ్న: మాది జమ్మలమడుగు. నేనూ మా తమ్ముడూ గండికోటలో పర్యాటకులకు గుడారాలు వేసి ఇస్తూ, నీటి మీద నిలబడి తెడ్డుతో నడిపే ప్యాడిల్ బోర్డులను అద్దెకిస్తూ జీవిస్తున్నాము. గత నవంబరులో చెన్నైలోని ఒక దుకాణం నుంచి ఒకే మోడల్ గట్టి బోర్డులు రెండు, ఒక్కొక్కటి 58,000 రూపాయల చొప్పున కొన్నాము. నిలబడే భాగంలో మూడు పొరల ఫైబర్ గుడ్డ వేసి ఎపాక్సీతో తయారుచేశామని, రెండేళ్ల వారంటీ ఉందని వారి వెబ్‌సైట్‌లో రాశారు. ఎండాకాలంలో గండికోటలో వాడతామని వాట్సాప్‌లో చెప్పి, ఏది పనికొస్తుందని అడిగితే ఈ మోడల్‌నే సూచించారు. రెండింటినీ ఒకే రేకుల షెడ్డులో ఉంచాము. మే నెలలో ఒక బోర్డు నిలబడేచోట అరచేయంత మేర ఉబ్బింది. వారం తర్వాత అది పగిలి, దాని అంచు కోసుకుని మా తమ్ముడి పాదానికి నాలుగు కుట్లు పడ్డాయి. రెండో బోర్డు బాగానే ఉంది. వేడి వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదని కార్డులో ఉందంటూ దుకాణం వారు మా మాట వినడం లేదు. బిల్లు కింద ‘చెన్నై కోర్టుల పరిధికి లోబడి’ అని కూడా ఉంది. ఇక్కడి ఫైబర్ పనివారితో బాగుచేయించి, ఆ ఖర్చును వారి నుంచి రాబట్టుకోవచ్చా?

జవాబు: ముందుగా మీ చివరి ప్రశ్నకే సమాధానం చెబుతాను. బోర్డును ఇప్పుడు బాగుచేయించకండి. మీ వ్యాజ్యమంతా ఒక్క అంశం మీద నిలబడి ఉంది: ఆ ఉబ్బు తయారీ లోపం వల్ల వచ్చిందా, మీరు భద్రపరిచిన తీరు వల్ల వచ్చిందా? దానికి సాక్ష్యం ఆ పగిలిన భాగంలోనే ఉంది. దాన్ని గీకి, రెజిన్ (ఫైబర్ గుడ్డను అంటించే, ఆరాక గట్టిపడే జిగురు) నింపి, రంగు వేయించిన మరుక్షణం మీ సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే చెరిపివేసినవారవుతారు. మరో ప్రమాదం కూడా ఉంది. మన ప్రాంతంలో నీళ్ల ట్యాంకులు, తలుపులు చేసే ఫైబర్ పనివారు సాధారణంగా పాలియెస్టర్ రెజిన్ వాడతారు. ఇటువంటి బోర్డుల లోపల ఎక్కువగా ఉండే తెల్లని పాలీస్టైరీన్ ఫోమ్‌ను ఆ రెజిన్ కరిగించివేస్తుంది. ఉన్న నష్టం పెరగడమే కాక, ‘మీరే పాడుచేశారు’ అనడానికి ఎదుటివారికి ఒక కారణం దొరుకుతుంది.

బోర్డు నిర్మాణం గురించి కొంత తెలియనిదే ఈ వివాదం అర్థం కాదు కనుక దాన్ని చెప్పవలసి ఉంది. గట్టి ప్యాడిల్ బోర్డు మధ్యలో తేలికైన ఫోమ్ దిమ్మ ఉంటుంది. దాని చుట్టూ ఫైబర్ గ్లాస్ గుడ్డను చుట్టి ఎపాక్సీ రెజిన్‌తో అంటిస్తారు. బరువు మోసే బలమంతా ఆ పలుచని చర్మానిదే, అది ఫోమ్‌ను గట్టిగా పట్టి ఉన్నంతకాలం మాత్రమే. ఫోమ్ పూసల మధ్య గాలి ఉంటుంది. ఎండకు అది వ్యాకోచించి చర్మాన్ని లోపలి నుంచి నెడుతుంది. ముదురు రంగు బోర్డు లేత రంగు దానికంటే ఎక్కువ వేడెక్కుతుంది. ఆ గాలి బయటికి పోవడానికే చాలా బోర్డులకు పైభాగం మీద చిన్న వెంట్ ప్లగ్ అమరుస్తారు. మనిషి మడమలు పదే పదే ఆనేచోట అదనపు గుడ్డ పొరలనో, వెదురు లేదా చెక్క పలుచని పలకనో, గట్టి పీవీసీ ఫోమ్ పొరనో వేయడం మంచి తయారీ లక్షణం. అక్కడ గుడ్డ పలుచగా ఉన్నా, అది రెజిన్‌తో సరిగా తడవక పొడిగా మిగిలినా, కాలి ఒత్తిడికి కింది ఫోమ్ నలిగి చర్మం విడిపోతుంది. విడిపోయిన చోటును వేడి గాలి ఉబ్బిస్తుంది. అందువల్ల ‘వేడి వల్ల ఉబ్బింది’ అన్న దుకాణం వారి మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ అది సగం సమాధానమే. వేడి అన్నిచోట్లా ఒకేలా నెట్టినప్పుడు ఆ చోటే ఎందుకు లేచిందన్నది మిగిలిన సగం.

ఇక్కడే మీ రెండో బోర్డు మీకు అండగా నిలుస్తుంది. ఒకే మోడల్, ఒకే రోజు కొనుగోలు, ఒకే షెడ్డు, ఒకే ఎండ. అయినా ఒకటి పాడై ఒకటి నిలిచింది. రెండింటినీ దాదాపు ఒకే విధంగా వాడినట్లు మీ అద్దె పుస్తకం ద్వారా చూపగలిగితే, కారణం వాతావరణం కాదు, ఆ బోర్డు తయారీయే అనే వాదనకు గట్టి బలం వస్తుంది.

అయితే మీకు వ్యతిరేకంగా రాగల ప్రశ్నను కూడా ఇప్పుడే ఎదుర్కోండి. మీ బోర్డు వెంట్ ప్లగ్ తనంతట తాను గాలి వదిలే రకమా, లేక చేత్తో తిప్పి తెరవవలసిన మరా? మర రకమైతే, ఎండలో నిల్వ ఉంచేటప్పుడు దాన్ని తెరిచి, నీటిలోకి దించేముందు మూయాలి. ఆ సంగతి మీతో వచ్చిన సూచనల కాగితంలో ఉండీ మీరు పాటించకపోతే మీ వాదన బలహీనపడుతుంది. అసలు ఆ సూచనే లేకపోతే, లేదా తనంతట తాను గాలి వదలవలసిన ప్లగ్ రంగుతోనో రెజిన్‌తోనో మూసుకుపోయి ఉంటే, భారం అటువైపు మొగ్గుతుంది. అలాగే, రాయి తగిలిన పాత గంటు ఏదైనా ఆ ఉబ్బు దగ్గర ఉంటే దాచకండి. గంటు ద్వారా నీరు చేరిన బోర్డు బరువెక్కుతుంది, లోపల మరక పడుతుంది. పరీక్షలో అది తప్పక బయటపడుతుంది.

ఇక చట్టం విషయానికి వస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ప్రకారం, చట్టమో ఒప్పందమో కోరే నాణ్యతలోనే కాదు, అమ్మకందారు తాను ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యతలో కొరత ఉన్నా అది ‘లోపం’ కిందికే వస్తుంది. వెబ్‌సైట్‌లోని ‘మూడు పొరలు’ అన్న మాట ఈ విధంగా మీకు ఆధారమవుతుంది. వస్తువును పరీక్షించనిదే లోపం తేలని సందర్భాలలో, జిల్లా వినియోగదారుల కమిషన్ ఇదే చట్టం సెక్షన్ 38(2) కింద నమూనాను సీలు చేసి తగిన ప్రయోగశాలకు పంపి, సాధారణంగా 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలని ఆదేశించగలదు. ఆ రుసుమును ముందుగా మిమ్మల్నే కట్టమనవచ్చు. ప్లాస్టిక్, మిశ్రమ పదార్థాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్‌కు విజయవాడలోనూ హైదరాబాదులోనూ కేంద్రాలు ఉన్నాయి కనుక, నమూనాను అక్కడికి పంపాలని మీ పిటిషన్‌లో కోరవచ్చు. చిన్న ముక్కను కొలిమిలో ఉంచితే రెజిన్ కాలిపోయి గాజు గుడ్డ మిగులుతుంది. దాని బరువును, పొరలను లెక్కించి ప్రకటనలోని మాటతో పోల్చవచ్చు. ఆ ముక్కను కోసే పని మీరు గానీ మీ మిత్రులు గానీ చేయకూడదు.

మీరు ఊహించని చిక్కు మరొకటి ఉంది: మీరు అసలు ‘వినియోగదారు’ అవుతారా అన్నది. అద్దెకివ్వడానికి కొన్నారు కనుక ఇది వాణిజ్య ప్రయోజనమని, కమిషన్‌కు విచారణాధికారం లేదని ఎదుటివారు తొలి అభ్యంతరంగా లేవనెత్తుతారు. కేవలం స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కోసం కొని, స్వయంగా వాడుకునే వస్తువును వాణిజ్య ప్రయోజనం కింద లెక్కించరాదని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. పాత చట్టంలోని ఇటువంటి వివరణ మీదనే 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, ఆటోను కొని తానే నడుపుకుని బతికే వ్యక్తి వినియోగదారుడేనని, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని చెప్పింది. మీరూ మీ తమ్ముడూ స్వయంగా పని చేస్తున్నారన్న సంగతి, ఇదే మీ జీవనాధారమన్న సంగతి ఫిర్యాదులో స్పష్టమైన వాక్యాలుగా ఉండాలి; వాదనల సమయంలో నోటితో చెప్పుకుందామనుకుంటే ఆలస్యమవుతుంది. జలాశయంలో బోర్డులు నడపడానికి మీకున్న అనుమతి పత్రాలను కూడా జతచేయండి. ఒకవేళ ఇది వాణిజ్యమేనని కమిషన్ తేల్చితే, మీకు సివిల్ దావా మార్గం మిగిలే ఉంటుంది. దానికి సాధారణ గడువు మూడేళ్లు. చిత్తశుద్ధితో కమిషన్‌లో గడిపిన కాలాన్ని దావాల గడువును నిర్ణయించే లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద మినహాయించమని కోరవచ్చు.

బిల్లు కింది ‘చెన్నై కోర్టుల పరిధి’ గురించి ఆందోళన వద్దు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34(2) ప్రకారం ఫిర్యాదిదారు నివసించే చోటగానీ, పని చేసుకునే చోటగానీ ఫిర్యాదు వేయవచ్చు కనుక, కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌నే ఆశ్రయించండి. మీరు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపే కనుక ఫిర్యాదు రుసుము లేదు. గడువు రెండేళ్లు.

వారంటీ కార్డులోని ‘వేడి’ మినహాయింపు సంగతి వేరు. అది కొనేముందు మీకు చూపిన షరతా, డబ్బు కట్టి పెట్టె తెరిచాక కనిపించిన షరతా అన్నది ముఖ్యం. రెండోదే అయితే, ఒప్పందం కుదిరిపోయాక చేర్చిన షరతు తమను బంధించదని మీరు వాదించవచ్చు. దీనికి తోడు, సరుకుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ఉంది: ఏ అవసరానికి కొంటున్నదీ కొనుగోలుదారు చెప్పి, అమ్మకందారు నైపుణ్యం మీద ఆధారపడితే, ఆ అవసరానికి వస్తువు తగినదై ఉండాలన్నది చెప్పకున్నా ఉన్నట్లే లెక్క. కేవలం బ్రాండు పేరు చూసి మీరే ఎంచుకుని ఉంటే ఈ రక్షణ దొరకదు. మీరు సలహా అడిగారు, వారు ఆ మోడల్‌ను సూచించారు. మే నెలలో కడప జిల్లాలో 40 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆ ఎండలో వాడతారని తెలిసి అమ్మినవారు ఆ ఎండనే సాకుగా చూపడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ వాట్సాప్ సంభాషణ మీ వద్ద ఉన్న అన్ని కాగితాలకంటే విలువైనది. ఫోను మార్చకుండా, సందేశాలు చెరపకుండా భద్రపరచండి; భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కోరే ధ్రువపత్రంతో దాని ప్రతిని దాఖలు చేయాలి.

మీ తమ్ముడి గాయాన్ని బోర్డు ధరతో కలిపి ఒకే మొత్తంగా అడగవద్దు. కొన్నవారి అనుమతితో వస్తువును వాడే వ్యక్తి కూడా వినియోగదారుడే కనుక, వినియోగదారుల రక్షణ చట్టంలోని ఉత్పత్తి బాధ్యత (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి తయారీదారు, అమ్మకందారు వహించే బాధ్యత) అధ్యాయం కింద గాయానికి పరిహారం కోరే హక్కు ఆయనకు స్వయంగా ఉంది. కానీ ఆ అధ్యాయం వర్తించే ‘హాని’లోకి వస్తువుకే జరిగిన నష్టం, వ్యాపార నష్టం రావని సెక్షన్ 2(22) స్పష్టంగా చెబుతున్నది. కాబట్టి బోర్డు ధరను, పోయిన అద్దెను లోపభూయిష్టమైన వస్తువు కింద సెక్షన్ 39 ప్రకారం, గాయాన్ని ఉత్పత్తి బాధ్యత కింద విడివిడిగా కోరాలి. తయారీదారు విదేశీయుడై, మన చట్టం అతనికి వర్తించకపోయినా, నోటీసు అందజేయడం సాధ్యం కాకపోయినా, అమ్మిన దుకాణాన్ని బాధ్యునిగా చేయడానికి సెక్షన్ 86 వీలు కల్పిస్తున్నది. కుట్లు వేసిన ఆసుపత్రి చీటీ, మందుల బిల్లులు తీసి ఉంచండి.

ఈ వారంలోనే రెండు బోర్డుల సీరియల్ నంబర్లు, వెంట్ ప్లగ్‌లు, పగిలిన భాగం స్పష్టంగా కనిపించేలా పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. రెండింటినీ ఒకే కాటా మీద తూచి, బయటి వ్యక్తి సమక్షంలో బరువు రాసుకోండి. వెబ్‌సైట్ పేజీని మార్చేయకముందే తేదీతో సహా భద్రపరచండి. పాడైన బోర్డును గుడ్డ చుట్టి ఇంట్లో నీడపట్టున ఉంచండి. ఆ తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేయించవచ్చు, కొన్ని వివాదాలు అక్కడే తేలిపోతాయి. పరీక్షించుకునేందుకు బోర్డును వెనక్కి పంపమని వారు అడిగితే, మీ వద్దకే వచ్చి చూడమని రాతపూర్వకంగా జవాబివ్వండి. రెండో బోర్డు కూడా పోలికకు సాక్ష్యమే. పైగా అదే తయారీకి చెందినది కనుక, లోపం ఏమిటో తేలేవరకు దాని మీద పర్యాటకులెవరినీ నీటిలోకి పంపకండి.