పెట్రోల్ ముల్లు సగం దాటకపోతే ముందు ఫ్లోట్ చూపించండి

ఫుల్ ట్యాంక్ కొట్టించినా కారు పెట్రోల్ మీటర్ ముల్లు సగం దగ్గరే ఆగుతోందన్నారు కదండీ, తొందరపడి మీటర్ మార్చకండి. ఎక్కువగా తేడా వచ్చేది ట్యాంకులోని ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలుతూ ఎంత ఉందో మీటర్‌కి చెప్పే భాగం) దగ్గరే. అది ఇరుక్కున్నా, దాని కనెక్టర్ తుప్పు పట్టినా ఇలాగే అవుతుంది. చాలా కార్లలో వెనక సీటు కింద మూత తీస్తే కనబడుతుంది. మెకానిక్ చేతే తీయించండి, పెట్రోల్ ఆవిరితో ఆటలొద్దు.

అప్పటిదాకా ట్రిప్ మీటరే (సున్నా చేసినప్పటి నుంచి తిరిగిన కిలోమీటర్లు చూపించేది) దిక్కు. స్క్రీన్ మీద ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్తుందని చూపించేదీ ఆ ఫ్లోట్ లెక్కే, నమ్మకండి! పంపు ఆటోకట్ అయ్యేదాకా, అంటే దానంతట అదే ఆగేదాకా, నింపించి ట్రిప్ సున్నా చేయండి. మళ్ళీ అలాగే నింపించినప్పుడు, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. 420 కి.మీ.కి 28 లీటర్లు పడితే మైలేజీ 15. ట్యాంకు 35 లీటర్లదైతే, అడుగున 5 లీటర్లు వదిలేసి లెక్కేస్తే 450 కి.మీ. వెళ్లొచ్చు. ఏసీ, సిటీ ట్రాఫిక్ ఉంటే 380కే బంకు చూసుకోండి.