పాత పికప్ ఎత్తు తగ్గించవచ్చా?

ప్రశ్న: గాజువాకలో ఫర్నిచర్, ఫ్రిజ్‌లు చేరవేసే చిన్న వ్యాపారం చేస్తున్నాను. 2011లో ఏపీ 31 నంబరుతో రిజిస్టరైన చిన్న పికప్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వెనుక భాగం బాగా ఎత్తుగా ఉండడంతో సరుకు ఎక్కించేటప్పుడు కూలీలకు నడుములు పట్టేస్తున్నాయి. వెనుక కమాన్ కట్టల్లో (బండి బరువును మోసే వంపు ఉక్కు పట్టీల్లో) రెండు తీసేసి, చిన్న సైజు టైర్లు వేస్తే మూడు అంగుళాలు దిగుతుందని ఆటోనగర్‌లో ఒక మెకానిక్ చెప్పి అడ్వాన్సు తీసుకున్నాడు. టైర్లు ఇప్పటికే మార్చాడు, కట్టలు ఇంకా విప్పలేదు. మా తమ్ముడు అమెరికా వీడియోలు చూసి ఇంకా కిందికి దించమంటున్నాడు. పాత బండికి కొత్త నిబంధనలు వర్తించవని కొందరు అంటున్నారు. నిజమేనా? పట్టుబడితే ఎంత జరిమానా? ప్రమాదం జరిగితే బీమా వస్తుందా? ముందే అనుమతి తీసుకునే దారి ఉందా?

జవాబు: మెకానిక్ కట్టలు విప్పకముందే మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. వెనుక ఒక్కో వైపు ఎన్ని కట్టలు ఉన్నాయో లెక్కపెట్టండి. తర్వాత ఆర్‌సీ తీసుకుని ఆ కంపెనీ డీలరు దగ్గరకు వెళ్లి, మీ మోడల్‌కు ఫ్యాక్టరీ నుంచి ఎన్ని కట్టలు వస్తాయో, ఎంత మందంలో వస్తాయో విడిభాగాల పట్టికలో చూసి చెప్పమనండి. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ లెక్క మీదే ఆధారపడి ఉంది.

చేతులు మారిన చిన్న సరుకు బళ్లలో అదనపు కట్టలు కనిపించడం మామూలే. అనుమతించిన దానికన్నా ఎక్కువ బరువు మోయించడానికి వెనకటి యజమానులు ఒకటో రెండో చేర్పిస్తారు. దాంతో బండి వెనుక భాగం లేచి నిలబడుతుంది, ఖాళీగా వెళ్లేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది. మీ బండి బాగా ఎత్తుగా ఉందని చదవగానే నాకు కలిగిన మొదటి అనుమానం ఇదే. అది నిజమైతే ఆ అదనపు కట్టే చట్టానికి విరుద్ధమైన మార్పు. దాన్ని తీసేసి కంపెనీ లెక్కకు తెస్తే మీరు తప్పును సరిదిద్దినట్టు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. చేసిన పని వివరంగా రాసిన బిల్లు తీసుకుని దాచుకోండి, చాలు. మీ కూలీల నడుము నొప్పికి కూడా సగం మందు అందులోనే దొరకవచ్చు.

కట్టలు కంపెనీ లెక్క ప్రకారమే ఉంటే మాత్రం వాటిని ముట్టుకోవద్దు. ఎందుకో చెబుతాను.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటితో పొసగకుండా పోయేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. వాహన నిర్మాణంలో చేసిన పని వల్ల దాని మౌలిక లక్షణం మారితే దాన్నే మార్పు అంటారని అదే సెక్షన్ వివరణ ఇస్తుంది. రవాణా అధికారి అనుమతితో దేన్నైనా మార్చుకోవచ్చన్న అభిప్రాయం చాలాకాలం ఉండేది. 2019 జనవరి 9న రీజనల్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసర్ వర్సెస్ కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు కేరళ హైకోర్టు తీర్పును పక్కనపెట్టి ఆ అభిప్రాయానికి తెరదించింది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా మార్చిన వాహనాన్ని అలాగే నమోదు చేయడం కుదరదని తేల్చింది. మౌలిక లక్షణాన్ని కదిలించని రంగు, చిన్న అమరికల వంటి వాటిని వేరుగా చూడాలని కూడా ఆ తీర్పు గుర్తించింది. కాబట్టి ముందే అనుమతి తీసుకునే దారి గురించి మీరు అడిగినదానికి నా జవాబు: కంపెనీ ఎత్తుకన్నా దించడానికి మీరు దరఖాస్తు పెట్టినా, దాన్ని ఆమోదించే అధికారం రవాణా కార్యాలయానికి లేదనే నేను భావిస్తున్నాను. గ్యాస్ కిట్ వంటి ఇంధన మార్పులకు చట్టమే ప్రత్యేకంగా దారి ఇచ్చింది. సస్పెన్షన్‌కు, అంటే బండిని మోసే కట్టల అమరికకు, అలాంటి దారి ఇవ్వలేదు.

ఇక్కడ ఒక వాదన ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఆర్‌సీలో కట్టల సంఖ్య గానీ, నేల నుంచి బండి ఎత్తు గానీ రాయరు. రాయని వివరానికి విరుద్ధంగా మార్చారని ఎలా అంటారు? సొంత కారు విషయంలో ఈ వాదనకు కొంత ఊపిరి ఉంది. మీది సరుకు రవాణా వాహనం. ఇలాంటి వాహనాల ఆర్‌సీలో మొత్తం బరువు, ఒక్కో ఇరుసు మీద పడదగిన బరువు, టైర్ల సంఖ్య, రకం, సైజు కూడా నమోదు చేయాలని 58వ సెక్షన్ చెబుతుంది. ఏదైనా మార్పు వల్ల ఆ బరువులు చెల్లకుండా పోతే 52వ సెక్షన్ వర్తిస్తుందని కూడా అందులోనే ఉంది. వెనుక ఇరుసు మోయగలదని కాగితం మీద రాసిన బరువును నిజంగా మోసేది ఆ కట్టలే. రెండు తీసేస్తే మోసే శక్తి తగ్గుతుంది, ఆర్‌సీలో అంకె మాత్రం అలాగే ఉంటుంది. మీ తరఫున వాదించాల్సి వస్తే ఈ ప్రశ్న దగ్గర నా దగ్గర గట్టి సమాధానం ఉండదు.

టైర్ల సంగతి ఇంకా తేలిక. సైజు టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. ఆర్‌సీతో పోల్చి చూడడానికి ఏ అధికారికైనా నిమిషం చాలు. వాటిని వెంటనే పాత సైజుకు మార్పించండి.

ఇక శిక్ష. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగం కింద, చట్టం అనుమతించని రీతిలో వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాటను గమనించండి. టైర్లు ఒక మార్పు, కట్టలు మరొకటి అని లెక్కగట్టే వీలుంది. జరిమానా కట్టేసినంత మాత్రాన మార్పు సక్రమమైపోదు. బండి నిబంధనలకు అనుగుణంగా లేదనో, ప్రజలకు ప్రమాదకరమనో భావిస్తే, మీ వాదన విన్న తర్వాత రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేసే అధికారం 53వ సెక్షన్ కింద రవాణా అధికారికి ఉంది. రోజూ ఆ బండి మీదే బతికేవారికి రూ.5,000 కన్నా అదే పెద్ద దెబ్బ.

పాత బండికి ఇవి వర్తించవన్న మాట పూర్తిగా తప్పు. బండి ఏ సంవత్సరంలో తయారైనా, మార్పు ఎప్పుడు చేశారో అప్పటి చట్టమే వర్తిస్తుంది. పైగా పాతదానికి తనిఖీలు ఎక్కువ. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ పరీక్షలు ఇప్పుడు క్రమంగా యంత్రాలతో చేసే కేంద్రాలకు మారుతున్నాయి. బ్రేకులు రోలర్ల మీద, హెడ్‌లైట్ కాంతి యంత్రం ముందు నిలబడి పరీక్షకు గురవుతాయి. కంటితో చూసి వదిలేసిన రోజుల మీద ఆశ పెట్టుకోవద్దు.

బ్రేకుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది మెకానిక్‌లు కూడా పట్టించుకోరు. బరువును బట్టి వెనుక చక్రాలకు బ్రేకు ఒత్తిడిని పంచే వాల్వు ఒకటి కొన్ని పికప్‌లలో ఉంటుంది. ఛాసిస్‌కు (బండి చట్రానికి), ఇరుసుకు మధ్య ఉన్న దూరాన్ని ఒక చిన్న కడ్డీ ద్వారా గ్రహించి అది పనిచేస్తుంది. బరువు వేస్తే ఛాసిస్ దిగుతుంది, వాల్వు వెనుక బ్రేకుకు ఒత్తిడి పెంచుతుంది. కట్టలు తీసి బండిని దించేస్తే, ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నట్టే అది పనిచేస్తుంది. అప్పుడు తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రాలు బిగుసుకుపోయి బండి తోక పక్కకు తిరుగుతుంది. షీలానగర్ దగ్గర జాతీయ రహదారి 16 మీద కంటెయినర్ లారీల మధ్య వానలో అలా జరిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మీ బండికి ఆ వాల్వు ఉందో లేదో చూపించుకోండి. లేకపోయినా వేరే చిక్కులు ఉన్నాయి. కట్టలు తగ్గితే బరువు మీద ఇరుసు వెళ్లి ఛాసిస్‌కు తగులుతుంది. వెనుక భాగం దిగితే ముందు హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడతాయి.

ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే పోలీసులు బండిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌తో, అంటే మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారితో తనిఖీ చేయిస్తారు. కట్టలు తీసేసిన సంగతి ఆ నివేదికలోకి ఎక్కిందంటే, తప్పు ఎదుటివారిదైనా మీ మీదకు తిరిగే అవకాశం ఉంది. లోపం ఉందని తెలిసీ, లేదా తెలుసుకోగలిగి ఉండీ బండిని నడిపినా, నడపనిచ్చినా 190వ సెక్షన్ కింద రూ.1,500 జరిమానా. దాని వల్ల ప్రమాదం జరిగి గాయమో ఆస్తి నష్టమో కలిగితే మూడు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. డ్రైవరు నడిపాడు, నాకేం సంబంధం అని యజమాని తప్పించుకోవడానికి ఆ సెక్షన్‌లో చోటు లేదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

బీమా గురించి రెండు వేర్వేరు జవాబులు. గాయపడిన మూడో వ్యక్తికి పరిహారం ఎగ్గొట్టడానికి బీమా కంపెనీకి చట్టం ఇచ్చిన సాకులు పరిమితం. అవి ఇప్పుడు 150వ సెక్షన్‌లో ఉన్నాయి, సస్పెన్షన్ మార్పు వాటిలో పేరు పెట్టి లేదు. కాబట్టి బాధితుడికి డబ్బు అందే అవకాశమే ఎక్కువ. అయితే కీలక విషయం దాచి పాలసీ తీసుకున్నారన్న వాదన కంపెనీ లేవనెత్తవచ్చు. కట్టిన సొమ్మును మీ నుంచి రాబట్టుకోవడానికి ప్రయత్నించవచ్చు. మీ బండికి జరిగిన సొంత నష్టం సంగతి వేరు. బండిని సరైన స్థితిలో ఉంచాలన్నది పాలసీలో షరతు. ప్రమాదానికి ఆ మార్పే కారణమని నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరు రాస్తే క్లెయిమ్ నిలవడం కష్టం. మార్పుకు, నష్టానికి సంబంధమే లేకపోతే, ఉదాహరణకు బండి దొంగతనానికి గురైతే, పోరాడే వీలుంది. 2008లో నితిన్ ఖండేల్‌వాల్ కేసులో, 2010లో అమలేందు సాహూ కేసులో, షరతు ఉల్లంఘన ఉన్నా క్లెయిమ్‌ను పూర్తిగా తోసిపుచ్చకుండా 75 శాతం వరకు చెల్లించే పద్ధతిని సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ కేసులు వాడకానికి సంబంధించినవి, సస్పెన్షన్‌కు కావు. వాటిని ఆసరాగా చూడండి గానీ హామీగా తీసుకోకండి. మీకు థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత నష్టం ప్రశ్నే రాదు.

మీ తమ్ముడు చూసిన వీడియోలు నిజమైనవే. అమెరికాలో చిన్న పికప్‌లను నేలకు ఆనేంతగా దించే అభిరుచి దశాబ్దాలుగా ఉంది. అక్కడా హద్దు లేకపోలేదు. కాలిఫోర్నియాలో 6,000 పౌండ్లకు తక్కువ ఉన్న వాణిజ్య వాహనాన్ని ఎంత మార్చినా, చక్రాలు తప్ప దాని ఏ భాగమూ చక్రం రిమ్ము కింది అంచు కన్నా కిందికి రాకూడదని చట్టం ఉంది. అక్కడ చట్టం అడిగేది నేల నుంచి ఎంత ఎత్తు మిగిలిందని. మన దగ్గర అడిగేది కంపెనీ ఇచ్చినట్టు ఉందా అని. ఆ తేడా తమ్ముడికి నెమ్మదిగా చెప్పండి. అతని ఇష్టం తప్పేమీ కాదు, ఆ పని ఇక్కడి రోడ్డు మీద తిరిగే సరుకు బండికి చెల్లదు, అంతే.

సరుకు ఎక్కించే కష్టం మాత్రం నిజమైనది, దాన్ని తీర్చాలి. తీసి పెట్టుకునే అల్యూమినియం ర్యాంపు, బెల్టున్న ఫ్రిజ్ ట్రాలీ కొనండి. ఇవి బండిలో భాగం కావు కాబట్టి 52వ సెక్షన్‌తో పనిలేదు. వాటిని సరుకులాగే బండిలో గట్టిగా కట్టి ఉంచండి, బయటికి పొడుచుకు రానివ్వకండి. బండికే శాశ్వతంగా బిగించే లిఫ్టు జోలికి మాత్రం రవాణా కార్యాలయంలో అడగకుండా వెళ్లవద్దు.

టైర్లు పాత సైజుకు మార్చాక, అలాగే అదనపు కట్ట ఉండి తీయించినట్టయితే, కంపెనీ సర్వీసు కేంద్రంలో బ్రేకులు, హెడ్‌లైట్ల అమరిక చూపించి ఆ బిల్లు కూడా ఆర్‌సీ నకలుతో కలిపి ఉంచండి. రేపు ఎవరైనా ప్రశ్నించినా, బండి అమ్మినా అది పనికొస్తుంది.

మెకానిక్‌కు ఇచ్చిన అడ్వాన్సు సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను. టైర్లు మార్చిన కూలి మినహాయించుకుని మిగతాది ఇవ్వమని మర్యాదగా అడగండి. ఇవ్వనంటే దావాకు వెళ్లవద్దు. చట్టం ఒప్పుకోని పనికోసం కుదిరిన ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ముందు నిలవదు, కోర్టు మిమ్మల్నే ప్రశ్నిస్తుంది. విశాఖ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే రాజీకి దరఖాస్తు పెట్టవచ్చు. కోర్టు రుసుము ఉండదు. ఫోనులో చెల్లించిన వివరం, టైర్ల బిల్లు జతచేస్తే చాలు.