ఫుల్ ఆర్చ్ ఇంప్లాంట్ స్కాన్: బ్రిడ్జి మోడల్ మీద కూర్చుని నోట్లో ఊగుతుంటే

కింది దవడలో నాలుగు ఇంప్లాంట్ల (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేళ్ల) మీద ఫుల్ ఆర్చ్ బ్రిడ్జి, అంటే దవడ మొత్తానికీ కలిపి చేసిన పళ్ల వరస చేయించారు, ప్రింట్ చేసిన మోడల్ మీద చక్కగా కూర్చుంది, నోట్లో పెడితే ఊగుతోంది, స్కానర్ మార్చాలా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. మోడల్ మీద సరిపోవడాన్ని అసలు లెక్కలోకి తీసుకోవద్దు. ఆ మోడల్, బ్రిడ్జి రెండూ ఒకే స్కాన్ నుంచి వచ్చాయి కాబట్టి, స్కాన్‌లో తప్పున్నా అవి ఒకదానికొకటి సరిపోతాయి.

నాకూ ఇలాగే జరిగింది. దవడ వెనక భాగంలో వరసగా మూడు ఇంప్లాంట్లు. బ్రిడ్జి కూర్చోలేదు. మళ్లీ స్కాన్ చేశాను, మళ్లీ కూర్చోలేదు. ల్యాబ్ వాళ్లను తప్పుపట్టాను కూడా, అది ఇప్పటికీ బాధగానే ఉంది. చివరికి స్కాన్ బాడీలు (స్కాన్‌లో ఇంప్లాంట్ స్థానం తెలియడానికి దాని మీద బిగించే చిన్న కడ్డీలు) పెట్టి ఎక్స్‌రే తీస్తే మధ్యదాని కింద సన్నని గీతలా ఖాళీ కనిపించింది. హీలింగ్ క్యాప్ (చిగురు మానేవరకు ఇంప్లాంట్ మీద ఉంచే మూత) తీయగానే చిగురు లోపలికి ముడుచుకుని స్కాన్ బాడీ అంచు కింద ఇరుక్కుంది. స్కానర్ ఉన్నది ఉన్నట్టే చూసింది. స్కాన్ బాడీ పైకి లేచి ఉంది కాబట్టి కంప్యూటర్‌లో ఇంప్లాంట్ కూడా పైకే వెళ్లింది. ఆ పేషెంట్ పెద్దావిడ, నా వల్ల అనవసరంగా నాలుగుసార్లు రావాల్సి వచ్చింది.

అందుకే ఇప్పుడు నా టైమ్‌లో ఎక్కువ భాగం స్కానర్ చేతిలోకి తీసుకోకముందే పోతుంది. హీలింగ్ క్యాప్‌లు తీసిన వెంటనే, చిగురు కుంగిపోకముందే, చిగురు ఆకారాన్ని విడిగా స్కాన్ చేస్తాను. ఇంప్లాంట్ లోపల కడిగి ఆరబెట్టి, స్కాన్ బాడీని చేత్తోనే, కంపెనీ చెప్పినంత బలంతోనే బిగిస్తాను. పీక్ (PEEK) అనే ప్లాస్టిక్‌తో చేసినవాటిని గట్టిగా బిగిస్తే నొక్కుకుపోతాయి, పదేపదే వాడితే అరుగుతాయి కూడా. ఇంకో చిక్కు, పీక్ ఎక్స్‌రేలో సరిగ్గా కనపడదు. కింద టైటానియం బేస్ ఉన్న రకం వాడితేనే ఆ జాయింట్ తెలుస్తుంది. ఎక్స్‌రే కూడా ఇంప్లాంట్‌కు నిటారుగా పడాలి, ఏటవాలుగా తీస్తే ఖాళీ దాక్కుంటుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకున్న లైబ్రరీ (స్కాన్ బాడీ డిజిటల్ నమూనా), మీరు నోట్లో వాడిన స్కాన్ బాడీ ఒకటేనా అని ల్యాబ్‌ను తప్పకుండా అడగండి.

ఇక స్కానింగ్. నోట్లో వాడే స్కానర్ దవడ మొత్తాన్ని ఒకేసారి చూడదు. చిన్న చిన్న ముక్కలుగా తీసి, పక్క ముక్కతో ఉన్న పోలికను బట్టి అతికిస్తూ పోతుంది. ఒక్కో అతుకులో వచ్చే కొద్దిపాటి తేడా పోగుపడి, దవడ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేసరికి పెద్దదవుతుంది. ఒకటి రెండు ఇంప్లాంట్లకు దీని ప్రభావం అంతగా ఉండదు, ఫుల్ ఆర్చ్‌లోనే దెబ్బతీస్తుంది. పళ్లు లేని చోట చిగురు నున్నగా ఉంటుంది, పైగా కదులుతుంది. అతికించడానికి గుర్తు పట్టే ఆనవాలే దొరకదు. అందుకే స్కాన్ బాడీల మధ్య ఏదో ఒక ఆనవాలు ఉండేలా చూస్తాను. ఫ్లాస్ కట్టి దాని మీద కొంచెం రెజిన్ (గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద) వేసినా చాలా తేడా కనిపించింది.

దారి మాత్రం ఎప్పుడూ ఒకటే. ఒక చివర మొదలుపెట్టి పైభాగం మీదుగా రెండో చివరకు, అక్కడి నుంచి నాలుక వైపుగా వెనక్కి, తర్వాత బుగ్గ వైపు. మధ్యలో ఆగి గెంతితే, ఖాళీలు పూడ్చడానికి అటూ ఇటూ తిప్పితే అతుకులు పెరుగుతాయి. ఛైర్ లైట్ ఆపేయండి. లాలాజలం బొట్టు ఉన్నా స్కానర్ దాన్నీ ఆకారంగానే తీసుకుంటుంది. స్కానర్ కాలిబ్రేషన్ (కొలతలు సరిచూసి సరిదిద్దడం) కంపెనీ చెప్పిన గడువుకే చేయండి.

ఇంత జాగ్రత్తపడినా ఫుల్ ఆర్చ్ స్కాన్‌ను నేను నేరుగా నమ్మను. పంటి వేరు చుట్టూ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం లిగమెంట్ (పంటిని ఎముకకు పట్టి ఉంచే మెత్తని పొర) ఉంటుంది, చిన్న తేడా వస్తే పన్ను సర్దుకుంటుంది. ఇంప్లాంట్ ఎముకకు నేరుగా అతుక్కుంటుంది, దానికి ఆ వెసులుబాటు లేదు. సరిపోని బ్రిడ్జిని బిగిస్తే ఆ ఒత్తిడంతా స్క్రూ మీద, ఎముక మీద పడుతుంది. అందుకే ఫైనల్ బ్రిడ్జికి ముందు వెరిఫికేషన్ జిగ్ (ఇంప్లాంట్ల స్థానాలు సరిగ్గా వచ్చాయో లేదో చూడటానికి అన్నింటినీ కలిపే చట్రం) చేయించి నోట్లో చూస్తాను. ఒక చివర స్క్రూ మాత్రమే బిగించి మిగతావి లేస్తున్నాయా అని కంటితో, ఎక్స్‌రేతో చూడాలి. లేస్తే జిగ్‌ను అక్కడ కోసి, నోట్లోనే రెజిన్‌తో మళ్లీ కలిపి, ఆ జిగ్‌ను బట్టి మోడల్ సరిచేయమని ల్యాబ్‌కు పంపిస్తాను. ఫుల్ ఆర్చ్ కేసులు ఎక్కువగా వస్తుంటే ఫోటోగ్రామెట్రీ గురించి ఆలోచించండి. అందులో ప్రత్యేక కెమెరా ఇంప్లాంట్ల స్థానాలను ముక్కల అతుకుల మీద ఆధారపడకుండా కొలుస్తుంది.

మీ దగ్గర ఉన్న బ్రిడ్జిని మాత్రం స్క్రూలతో బలవంతంగా కూర్చోబెట్టకండి. నాలుగు స్కాన్ బాడీలూ మళ్లీ పెట్టి ముందు ఎక్స్‌రే తీయండి. అన్నీ సరిగ్గా కూర్చున్నాయని తేలితే, మళ్లీ స్కాన్ చేసే బదులు నేరుగా జిగ్‌కు వెళ్లండి. ఎక్స్‌రేలో ఏం కనిపించిందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.