ఫోను మోగుతూనే ఉన్నా ఆదాయం పెరగని ఏసీ సర్వీసు దుకాణం: చిత్తూరు మిత్రుడికి నా జవాబు

మీ ప్రశ్న సారాంశం ఇది. చిత్తూరులో మీకు ఏసీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు బాగుచేసే దుకాణం ఉంది, ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తున్నారు, పని తగ్గలేదు, అయినా నెలాఖరున ఇంటికి తీసుకువెళ్లే డబ్బు రెండేళ్లుగా ఒక్కచోటే ఆగిపోయింది. ముద్రా రుణం కింద మూడు లక్షలు తీసుకుని కాణిపాకంలో రెండో దుకాణం తెరవాలా, లేక ప్రకటనలకు ఖర్చుపెట్టి గిరాకీ పెంచుకోవాలా అని అడిగారు. తిరుపతిలో ఇదే పని చేసుకుంటూ ఇదే స్థితిని దాటి వచ్చినవాడిగా నా అభిప్రాయం చెబుతాను: ప్రస్తుతానికి ఆ రెండూ వద్దు. గిరాకీ లేక ఆదాయం ఆగిన దుకాణానికి ప్రకటన పనికొస్తుంది. చేతినిండా పని ఉండి కూడా ఆదాయం ఆగిందంటే, ఆ పనిలో ఏది కూడు పెడుతోంది, ఏది పొద్దు తినేస్తోంది అన్నది ముందు తేల్చుకోవాలి.

మా దగ్గర ఆదాయం కదలని కాలంలో కూడా ఫోను మోగుతూనే ఉండేది. కొర్లగుంట నుంచి ఒకరు, ఎం.ఆర్.పల్లి నుంచి ఒకరు, రేణిగుంట నుంచి మరొకరు పిలిచేవారు. కుర్రాళ్లు పొద్దున బండి ఎక్కితే దీపాలు పెట్టే వేళకు గానీ దిగేవారు కాదు. అయినా జీతాలు, అద్దె, పెట్రోలు పోగా మిగిలేది మాత్రం పెరగలేదు. అప్పుడు నేను ఒక నోటు పుస్తకం తెచ్చి ప్రతి పిలుపుకూ ఒక వరుస రాయించడం మొదలుపెట్టాను. వెళ్లిన వీధి లేదా ఊరు, దుకాణం నుంచి బయలుదేరిన సమయం, తిరిగి వచ్చిన సమయం, వసూలైన మొత్తం, అందులో స్పేర్ల ఖరీదు, అదే పనికి రెండోసారి వెళ్లవలసి వచ్చిందా అన్న విషయం, ఇంతే. ఆ చివరి గడిని కుర్రాళ్లు ఖాళీగా వదిలేసేవారు. రెండోసారి వెళ్లామని రాసినంత మాత్రాన జీతంలో కోత పడదని మాట ఇచ్చిన తరువాతే అది నిండింది. నెల తిరిగేసరికి ఆ పుస్తకమే సంగతి చెప్పింది: దూరం పిలుపులూ, ఒకే పనికి రెండుసార్లు తిరిగిన తిరుగుళ్లూ కలిసి సగానికి పైగా పొద్దు తినేస్తున్నాయి, ఇల్లు గడిచే డబ్బు మాత్రం దగ్గర వీధుల్లోని సర్వీసుల నుంచీ లాడ్జీల నుంచీ వస్తోంది.

సర్వీసు వ్యాపారంలో మనం అమ్మేది కుర్రాళ్ల పనిగంటలనే కాబట్టి, మీరు ఆ గంట ఖరీదు కట్టకుండా రేటు చెప్పకూడదు. మీ లెక్కలు నాకు తెలియవు కనుక ఊహకు ఒక లెక్క వేస్తాను. ఇద్దరి జీతాలు 30,000, అద్దె 6,000, పెట్రోలు 7,000, ఫోను, కరెంటు, చిల్లర ఖర్చులు 2,000 అనుకుంటే మొత్తం 45,000 రూపాయలు అవుతుంది. మీ ఇంటి ఖర్చుకు 30,000 కలిపితే 75,000. నెలకు 26 పనిదినాలు, తిండికీ ఎదురుచూపులకూ పోగా ఒక్కొక్కరి చేతిలో రోజుకు నికరంగా 5 గంటలు మిగులుతాయనుకుంటే, మీరు అమ్మగలిగినవి 260 గంటలే. అంటే గంటకు దాదాపు 290 రూపాయలు రావాలి, అదీ స్పేర్ల ఖరీదు కాకుండా. రానుపోనూ ప్రయాణంతో కలిపి గంటన్నర పట్టే పిలుపుకు 430 రూపాయలకు తక్కువ తీసుకుంటే, ఆ పని ఎంత బాగా చేసినా మీ ఇంటి ఖర్చులోంచి కొంత దానికి పెట్టినట్లే. ఈ లెక్కలో మీ గంటలను కలపకండి. మీ పొద్దు ఫోనుకూ, స్పేర్ల కొనుగోలుకూ, వసూళ్లకూ సరిపోతుంది, సరిపోవాలి కూడా.

ఈ లెక్క చూసిన వెంటనే రేటు పెంచాలనిపిస్తుంది. అంతకన్నా ముందు రెండోసారి తిరిగే తిరుగుడు తగ్గించండి, ఎందుకంటే దానికి ఖాతాదారుణ్ని ఒప్పించవలసిన పని లేదు. "అన్నా, ఏసీ చల్లగా రావడంలేదు" అని ఫోను వస్తే, "వస్తాం" అని పెట్టేయకుండా మూడు సంగతులు అడగడం మేము అలవాటు చేసుకున్నాము. లోపలి యూనిట్ గాలి కొడుతోందా, బయటి యూనిట్‌లో ఫ్యాను తిరుగుతోందా, బయటి యూనిట్ మీద ఉన్న లేబులుకు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపగలరా అని. పాత రకం ఏసీ అయితే, ఫ్యాను తిరుగుతూ కంప్రెసర్ మాత్రం అందుకోకుండా మూలుగుతోందంటే చాలాసార్లు కెపాసిటర్, అంటే కంప్రెసర్ తిరగడానికి ఊతమిచ్చే చిన్న విడిభాగం, పోయి ఉంటుంది. లేబులు చూసి, ఏ సైజు సరిపోతుందో తెలుసుకుని, అది సంచిలో వేసుకునే బయలుదేరతాము. ఇన్వర్టర్ ఏసీ అయితే కథ వేరు, అక్కడ తెర మీద కనిపించే ఎర్రర్ కోడు అడగాలి, బోర్డు తెలిసిన కుర్రాణ్నే పంపాలి. మీ ఇద్దరిలో ఒకరికైనా ఇన్వర్టర్ బోర్డుల పని, కొత్త ఏసీల్లో వచ్చే ఆర్32 గ్యాస్ పని పద్ధతిగా నేర్పించండి. ఆ గ్యాస్ కొద్దిపాటి మంట అంటుకునే స్వభావం ఉన్నది, పాత ఆర్22 అలవాటుతో దాని దగ్గర వెల్డింగ్ మంట పెట్టడం ప్రమాదం.

గ్యాస్ సంగతి వచ్చింది కనుక ఒక మాట. ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా వాడకంలో ఖర్చయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్లే. లీకు వెతకకుండా గ్యాస్ నింపి డబ్బు తీసుకునే దుకాణం వచ్చే వేసవికి ఆ ఖాతాదారుణ్ని పోగొట్టుకుంటుంది. నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, సబ్బు నురుగు పూసి, బుడగ ఎక్కడ వస్తోందో ఇంటివాళ్లకే చూపించండి. ఆ బుడగ చూసిన మనిషి తరువాత రేటు గురించి బేరం ఆడటం నేను పెద్దగా చూడలేదు.

రేటు పెంచడం కూడా ఇలాగే, చేసిన పని కంటికి కనపడేలా చేసి పెంచాలి. వాటర్ సర్వీసుకు, అంటే ఏసీని నీళ్లతో కడిగి శుభ్రం చేసే పనికి, ముందు గది గాలి వేడి, ఏసీ నుంచి వచ్చే గాలి చల్లదనం చిన్న థర్మామీటరుతో కొలవండి, సర్వీసు అయ్యాక మళ్లీ కొలవండి. తేదీ, ఆ రెండు కొలతలు, కంప్రెసర్ తీసుకుంటున్న ఆంపియర్లు, మీ దుకాణం పేరు, ఫోను నంబరు ఒక స్టిక్కరు మీద రాసి లోపలి యూనిట్ పక్కన అంటించండి. మా లాడ్జి మేనేజరు ఒకరు మొదట "అన్నా, పక్కనోళ్లు వంద తక్కువకే చేస్తామంటుండారు" అన్నారు. రెండో దఫా సర్వీసుకు వెళ్లినప్పుడు ఆయనే గది గదికీ తిరిగి స్టిక్కర్ల మీద పాత కొలతలు చదివి, ఏ గదిలో చల్లదనం తగ్గిందో మాకు చూపించారు. వంద మాట మళ్లీ రాలేదు. దూరపు పిలుపులకు మాత్రం విజిటింగ్ చార్జి వేరుగా, ఫోనులోనే చెప్పి తీసుకోండి. ఒకే దిక్కు పిలుపులను కూడబెట్టి వారంలో ఒక రోజుకు పెట్టుకోండి. దీనికి ఒప్పుకోనివారు కొందరు పోతారు, పోనివ్వండి.

ఇక ఆదాయాన్ని నిజంగా కదిలించేది సంవత్సర ఒప్పందం, మనందరం ఏఎంసీ అనేది. ఏడాదికి రెండు వాటర్ సర్వీసులు, మధ్యలో ఎప్పుడు పిలిచినా విజిటింగ్ చార్జి లేకుండా రావడం, స్పేర్లూ గ్యాసూ మాత్రం వేరే, అన్న షరతులతో ఒక్కో ఏసీకి 1,500 రూపాయలు పెట్టారనుకోండి. 100 ఏసీలకు 1,50,000, అంటే నెలకు 12,500. ఒక కుర్రాడి జీతంలో అధిక భాగం ఫోను మోగినా మోగకపోయినా వచ్చేసినట్లే. మన ప్రాంతంలో మార్చి నుంచి జూన్ దాకా పని తల మీదికి వస్తుంది, వర్షాలు పట్టాక చేతులు ఖాళీ అవుతాయి. ఏఎంసీ డబ్బు జనవరి, ఫిబ్రవరి నెలల్లో వసూలు చేసి, ఆ నెలల్లోనే మొదటి సర్వీసు చేసేస్తే, మే నెలలో అదే ఇంటి నుంచి వచ్చే ఫోన్లు బాగా తగ్గుతాయి, ఆ గంటలను ఎక్కువ రేటు వచ్చే పనులకు ఇవ్వవచ్చు.

లాడ్జీల విషయంలో క్యాలెండరు చేతిలో పెట్టుకుని మాట్లాడాలి. తిరుపతిలో శని, ఆదివారాలు గది ఖాళీ దొరకదు, వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో మేనేజరు మన ముఖమే చూడడు. కనుక మేము మంగళ, బుధ, గురువారాల్లో, ఒక్కో రోజు కొన్ని గదులే తీసుకుని, ముందు వారమే జాబితా ఇచ్చి చేస్తాము. కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడి బ్రహ్మోత్సవాలు వినాయక చవితితో మొదలై 21 రోజులు సాగుతాయి. అక్కడి లాడ్జీల వాళ్లను చవితికి నెలన్నర ముందు కలిసి, ఉత్సవాలు మొదలయ్యేలోపు అన్ని గదుల ఏసీలూ, గీజర్లూ చూసి పెడతామని చెప్పండి. పండగ రోజు గదిలో ఏసీ ఆగితే ఎంత గొడవ అవుతుందో వాళ్లకు మీరు చెప్పనక్కరలేదు. చలికాలం గంటలను గీజర్లు నింపుతాయి: బోరు నీటి ఉప్పు కాయిల్‌కు గట్టిగా పట్టే మన ఊళ్లలో నవంబరులో గీజరు శుభ్రం చేయించుకోమని పాత ఖాతాదారులకు ఒక్క వాట్సాప్ సందేశం పెట్టినా పని దొరుకుతుంది.

లాడ్జీలతో చిక్కల్లా బాకీలు. పని జరిగిపోతుంది, బిల్లు మాత్రం "యజమాని ఊళ్లో లేరు" అనే మాట దగ్గర ఆగిపోతుంది. మీరు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే ఈ వారమే చేయించండి. అది చిన్న సంస్థల కోసం 2020 జులై 1న మొదలైన ప్రభుత్వ నమోదు, ఆధార్, పాన్ ఉంటే చాలు, రుసుము ఏమీ లేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం మనలాంటి సూక్ష్మ సంస్థ చేసిన సేవకు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఒప్పుకున్న గడువులో, ఎంతైనా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి; ఆలస్యమైతే చక్రవడ్డీ కూడా పడుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్నులో కూడా దీనికి బలం వచ్చింది. గడువు దాటిన బిల్లును ఏడాది చివరికి కూడా చెల్లించకపోతే, లెక్కలు పూర్తిగా రాసే సంస్థ దాన్ని ఆ సంవత్సరం ఖర్చుగా చూపుకోలేదు, చెల్లించిన సంవత్సరంలోనే చూపుకోవాలి. ఫిర్యాదుకు ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది గానీ, రోజూ ముఖాలు చూసుకునే ఊళ్లో అది ఆఖరి దారి. బిల్లు మీద ఉద్యమ్ నంబరు, చెల్లింపు గడువు స్పష్టంగా అచ్చు వేయించండి. మార్చిలో లాడ్జి ఆడిటరే ఆ బిల్లులను బయటికి తీయిస్తాడు. ఏఎంసీలో సగం డబ్బు ముందే తీసుకోవడం మాత్రం మానకండి. జీఎస్టీ గురించి భయపడవలసినది ఇప్పుడేమీ లేదు, సేవలకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే నమోదు తప్పనిసరి.

కుర్రాళ్ల సంగతి మీరు ప్రశ్నలో ఎత్తలేదు, కానీ నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. పని బాగా వచ్చిన కుర్రాడు ఏప్రిల్‌లో సొంతంగా పెట్టుకుంటే మీ వేసవి అంతా పోతుంది. జీతం కాక, తను చూసుకునే ఏఎంసీల మీద కొంత వాటా ఏడాది చివర ఇస్తానని రాసి ఇవ్వండి. మా పెద్ద కుర్రాడు ఇలాగే నిలబడ్డాడు, ఇప్పుడు కొత్త ఒప్పందాల్లో చాలా వరకు అతని మాట మీదే వస్తున్నాయి. వాళ్లు కష్టపడి తెచ్చిన దానిలో వాళ్లకు భాగం ఉండటం న్యాయం కూడా.

ప్రకటనలకు డబ్బు పెట్టకండి. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పేరు, పనివేళలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, మంచిగా మాట్లాడిన ఖాతాదారులను నాలుగు మాటలు రాయమని అడగండి, చాలు.

రెండో దుకాణం లెక్క ఇప్పుడు చూడండి. మూడు లక్షలు ముద్రాలో కిశోర్ విభాగంలోకి వస్తుంది, దొరకవచ్చు. 11 శాతం వడ్డీతో మూడేళ్లకు తీసుకుంటే నెల కిస్తీ దాదాపు 9,800. దానికి 5,000 అద్దె, ఒక కుర్రాడి జీతం 15,000 కలిపితే 29,800. అతని 130 గంటలూ నిండుగా అమ్ముడైనా గంటకు 230 రూపాయలు అక్కడి ఖర్చుకే సరిపోతాయి, పెట్రోలు కాక. కాణిపాకం మీకు పది, పన్నెండు కిలోమీటర్లే కాబట్టి ప్రస్తుతానికి అక్కడికి కావలసింది వారంలో నియమంగా వెళ్లే ఒక రోజు, దుకాణం కాదు. ఆ వైపు ఏఎంసీలు 160 ఏసీలకు చేరాయంటే ఏడాదికి 2,40,000, అంటే అద్దె, జీతం రెండూ అప్పు లేకుండానే వచ్చినట్లు. ఆ సంఖ్య అందిన రోజు మీ పెద్ద కుర్రాణ్ని అక్కడ కూర్చోబెట్టి దుకాణం తెరవండి.