ఎన్నిక కాని సెనేటర్ మాటకి విలువ ఉంటుందా? రోమియో డలేర్ విషయంలో నేను చూసింది

మీరు అడిగింది ఇది: కెనడాలో సెనేటర్లని ప్రజలు ఎన్నుకోరు కదా, మరి రోమియో డలేర్ లాంటి మనిషి శాంతి పరిరక్షణ గురించీ దేశంలోని విధానాల గురించీ సభలో అన్నేళ్లు మాట్లాడితే ఏమైనా ఒరిగిందా? ఒరిగిందనే నేను నమ్ముతున్నాను. ఎలాగో కాస్త వివరంగా చెబుతాను.

నేను చాలా ఏళ్లుగా ఒట్టావాలో ఉంటున్నాను. ఆయన సెనేటర్‌గా ఉన్న రోజుల్లో పార్లమెంట్ హిల్ మీద అప్పట్లో సెనేట్ సభ జరిగే సెంటర్ బ్లాక్ భవనానికి వెళ్లి, సందర్శకుల గ్యాలరీలో కూర్చుని చర్చలు వినేవాణ్ని. అప్పట్లో సెనేట్ సమావేశాలు టీవీలో వచ్చేవి కావు, సభ నుంచి వీడియో ప్రసారం 2019లో గానీ మొదలవలేదు. చూడాలంటే అక్కడికి వెళ్లాల్సిందే. వెళ్లలేని రోజు హాన్సార్డ్, అంటే సభలో మాట్లాడిన ప్రతి మాటా నమోదయ్యే అధికారిక రికార్డు, చదువుకునేవాణ్ని.

ముందు ఆయనెవరో రెండు ముక్కల్లో. 1993 అక్టోబర్ నుంచి 1994 ఆగస్టు దాకా రువాండాలో ఐక్యరాజ్యసమితి దళానికి కమాండర్. ఆయుధాలు దాచిన చోట్ల గురించి ఒక ఇన్ఫార్మర్ చెబితే, 1994 జనవరి 11న న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి కేబుల్ (టెలిగ్రాం లాంటి సందేశం) పంపారు. వాటి మీద దాడి చేయొద్దని జవాబొచ్చింది. ఏప్రిల్‌లో మారణహోమం మొదలైంది. ఆయన దళంలోని పదిమంది బెల్జియం సైనికుల్ని చంపేశాక బెల్జియం తన దళాన్ని వెనక్కి పిలిచింది. ఏప్రిల్ 21న భద్రతా మండలి దాదాపు 2,500 మంది ఉన్న దళాన్ని 270కి తగ్గించాలని తీర్మానించింది. ఆయన మాత్రం ఘనా సైనికులతో సహా అంతకంటే ఎక్కువ మందినే నిలబెట్టుకుని వేలమందిని కాపాడారు. వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది చనిపోయారు. ఆయన మనసు ఆ గాయం నుంచి కోలుకోలేదు. 2000లో ఆరోగ్య కారణాల మీద సైన్యం నుంచి బయటికొచ్చారు. తనకి పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (ఘోరాలు చూసినవాళ్లని వెంటాడే మానసిక గాయం) ఉందని బహిరంగంగా చెప్పుకున్నారు. ఒక జనరల్ ఆ మాట పైకి చెప్పడం ఆ రోజుల్లో చాలా పెద్ద విషయం. 2005 మార్చిలో ప్రధాని పాల్ మార్టిన్ సలహా మీద గవర్నర్ జనరల్ ఆయన్ని క్యూబెక్ తరఫున లిబరల్ సెనేటర్‌గా నియమించారు.

ఇక సెనేట్ సంగతి. మన పెద్దల సభలో రాష్ట్రపతి నామినేట్ చేసేది 12 మందినే. ఇక్కడ 105 సీట్లూ నియామకాలే, 75 ఏళ్లు వచ్చేదాకా పదవి. ఎన్నికల టెన్షన్ లేదు కాబట్టి ఒకే విషయాన్ని ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చునే వీలుంటుంది. ప్రతి సమావేశంలో కొద్ది నిమిషాల ప్రకటనలకి సమయం ఇస్తారు. ప్రశ్నోత్తరాలు ఉంటాయి. ‘ఎంక్వైరీ’ అని ఇంకో పద్ధతి ఉంది: ఒక సెనేటర్ ఒక అంశాన్ని సభ దృష్టికి తెస్తారు, మిగతావాళ్లు వారాల తరబడి దాని మీద మాట్లాడొచ్చు, చివర్లో ఓటింగ్ మాత్రం ఉండదు. ఓటింగ్ లేని చర్చకి అర్థమేముందని చాలామంది అడుగుతారు. నా అనుభవంలో సభ్యులు పార్టీ కాగితం పక్కనపెట్టి మాట్లాడేది అక్కడే.

డలేర్ సభలోకి వచ్చేసరికి సూడాన్‌లోని డార్ఫూర్ ప్రాంతం హత్యాకాండతో తగలబడుతోంది. 2005 మేలో మార్టిన్ ఆయన్నీ, సెనేటర్ మొబీనా జాఫర్‌నీ, దౌత్యవేత్త రాబర్ట్ ఫౌలర్‌నీ సూడాన్ మీద సలహాదారులుగా పెట్టుకున్నారు. ఆ ఏడాదే కెనడా అక్కడి ఆఫ్రికన్ యూనియన్ దళానికి వందకి పైగా సాయుధ వాహనాల్ని అరువిచ్చింది. అది చాలదన్నది డలేర్ వాదన. పార్టీలతో పని లేకుండా ఎంపీల్నీ సెనేటర్లనీ కలిపి, మారణహోమాల నివారణ కోసం పార్లమెంట్‌లో ఒక బృందాన్ని నిలబెట్టారు. 2009లో కాంకార్డియా విశ్వవిద్యాలయంలోని కేంద్రంతో కలిసి ఒక నివేదిక తెచ్చారు. దూరదేశంలో జరిగే హత్యాకాండని ఆపడం దయాధర్మం కాదు, దేశ ప్రయోజనం అన్నది దాని సారాంశం. శరణార్థులు, రోగాలు, ఉగ్రవాదం చివరికి మన గుమ్మం దాకా వస్తాయి, అప్పుడయ్యే ఖర్చు ముందే ఆపడానికయ్యే ఖర్చు కంటే ఎక్కువ. ఆయన ఆలోచన మొత్తానికి ఇదే ఆధారమని నాకనిపిస్తుంది: విదేశాంగ చర్చ వేరు, దేశీయ చర్చ వేరు అన్న గోడని ఆయన ఒప్పుకోలేదు.

ఆ గోడ లేదని బాగా తెలిసేది మాజీ సైనికుల విషయంలో. ఆయన సెనేట్‌కి వచ్చిన కొద్ది వారాలకే మాజీ సైనికుల కొత్త చట్టం, సీ-45 బిల్లు, వచ్చింది. 2005 మే 10న దిగువ సభ ఒక్క రోజులోనే అన్ని దశలూ దాటించేసింది. సెనేట్ కూడా ఆలస్యం చేయలేదు, మే 13కల్లా ఆమోద ముద్ర పడిపోయింది. పునరావాసం, ఉద్యోగ శిక్షణ, కుటుంబానికి సాయం లాంటి మంచి సంగతులు అందులో చాలా ఉన్నాయి. కానీ అంగవైకల్యానికి నెలనెలా వచ్చే జీవితకాల పెన్షన్ తీసేసి, ఒకేసారి చేతిలో పెట్టే మొత్తాన్ని తెచ్చారు. 2006లో అమల్లోకి వచ్చినప్పుడు దాని గరిష్ఠం 2,50,000 డాలర్లు. అప్పటికే కెనడా సైన్యం అఫ్గానిస్తాన్‌లోని కాందహార్‌లో యుద్ధంలో ఉంది. కాళ్లు పోయినవాళ్లు, నిద్ర కరువైనవాళ్లు ఇరవైల్లో ముప్పైల్లో ఉన్న కుర్రాళ్లు. అంత డబ్బు ఒక్కసారి చేతికొస్తే, మనసు కుదురులేని మనిషి దాన్ని ఏం చేసుకుంటాడు? తర్వాత నలభై ఏళ్లు ఎలా బతుకుతాడు? సెనేట్‌లోని మాజీ సైనికుల వ్యవహారాల ఉపసంఘంలో డలేర్ ఏళ్ల తరబడి పట్టుకున్న ప్రశ్న ఇదే. అధికారుల్నీ, మాజీ సైనికుల్నీ పిలిపించి వివరాలన్నీ రికార్డులోకి ఎక్కించారు.

ఇది నాకు ఎందుకంత పట్టిందో కూడా చెప్పాలి. మాది పశ్చిమ గోదావరి, తాడేపల్లిగూడెం వైపు. మిలిటరీ మాధవరం పేరు మీరు వినే ఉంటారు, ఇంటికొకరు చొప్పున సైన్యంలో చేరే ఊరు. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచీ చాలామంది వెళ్లారు. వరసకి బాబాయి అయ్యే ఆయన 1990లలో మన సైన్యంతో సోమాలియా శాంతి పరిరక్షణకి వెళ్లొచ్చారు. తిరిగొచ్చాక రాత్రిళ్లు అరుగు మీదే కూర్చుండిపోయేవారు. పెళ్లిళ్లలో టపాసులు కాలిస్తే లేచి వెళ్లిపోయేవారు. ‘మిలిటరీ నుంచి వచ్చాక చాదస్తం పట్టింది’ అని ఇంట్లో సరిపెట్టుకున్నారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని ఎవరికీ తోచలేదు. డలేర్ ప్రసంగాలు వింటున్నప్పుడు నాకు ఆ బాబాయే గుర్తొచ్చేవారు. శాంతి దళాలకి ఎప్పటినుంచో అత్యధికంగా సైనికుల్ని పంపే దేశాల్లో మనది ఒకటి. డలేర్ వెళ్లిపోయాక రువాండా దళంలో మన సైనికులూ పనిచేశారు. పంపినవాళ్ల లెక్క మనం గర్వంగా చెప్పుకుంటాం. తిరిగొచ్చినవాళ్ల నిద్ర గురించి మన పెద్దల సభలో ఇంత ఓపికగా చర్చ జరగాలని నా కోరిక.

ఇక ఒమర్ ఖద్ర్ వ్యవహారం. టొరంటోలో పుట్టిన కుర్రాడు, 2002లో అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైన్యానికి పట్టుబడ్డాడు. అప్పటికి వయసు 15. అమెరికా సైనిక జైలు గ్వాంటనామోలో ఏళ్ల తరబడి ఉంచారు. బాల సైనికుల మీద ఐక్యరాజ్యసమితి ప్రోటోకాల్‌ని 2000లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం కెనడాయే, మరి సొంత పౌరుడి విషయంలో దాన్ని ఎందుకు పక్కన పెట్టిందని డలేర్ అడిగారు. ఆ రోజుల్లో అది జనం మెచ్చే మాట కాదు. 2008లో దిగువ సభ ఉపసంఘం ముందు, హక్కుల్ని పక్కనపెడితే మనం కూడా ఉగ్రవాదుల స్థాయికే దిగజారినట్టు అన్నారు. అల్ ఖైదాతో పోలుస్తున్నారా అని నిలదీస్తే అవునన్నారు. ఆ పోలిక అతి అని నా అభిప్రాయం. అసలు వాదన వదిలేసి వారమంతా అందరూ ఆ ఒక్క మాట మీదే పడ్డారు. కానీ అసలు వాదన సరైనది. ఖద్ర్ హక్కులకి భంగం కలిగిందని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అతన్ని 2012లో కెనడాకి తీసుకొచ్చారు, 2017లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి పరిహారం ఇచ్చింది.

2013 డిసెంబర్ 3 గురించి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. ఆ ఉదయం పార్లమెంట్ హిల్ మీద ఆయన కారు ఒక అడ్డుకట్టని గుద్దుకుంది. నిద్రలేమితో స్టీరింగ్ దగ్గరే కునుకు పట్టేసింది. ఆ రోజే ఆయన సభలో లేచి కారణం చెప్పారు: రువాండాకి ఇరవై ఏళ్లు దగ్గరపడుతున్నాయి, ఈమధ్య వరసగా సైనికులు ఆత్మహత్యలు చేసుకున్నారు, తనకి నిద్ర రావడం లేదు. ఒక శాసనసభ్యుడు తన జబ్బునే సాక్ష్యంగా సభ ముందు పెట్టిన సందర్భం నాకు ఇంకొకటి తెలియదు. గణాంకాలతో నిండిన నివేదికలు అంతకుముందూ వచ్చాయి. ఆ మాటల తర్వాత మాత్రం ఆఫీసుల్లో, బస్సుల్లో కూడా జనం దాని గురించి మాట్లాడుకోవడం నేను విన్నాను.

మరి ఫలితం? శాంతి పరిరక్షణలో ఆయన కోరుకున్నది జరగలేదు. 1956లో సూయెజ్ సంక్షోభం వేళ అప్పటి కెనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్ చొరవతో ఆ పద్ధతికి దారి చూపిన దేశం ఇది. 1990ల మొదట్లో మూడు వేల మందికి పైగా సైనికులు శాంతి దళాల్లో ఉండేవాళ్లు, ఈమధ్య ఆ సంఖ్య వంద కూడా దాటడం లేదు. నోవా స్కోషియా రాష్ట్రంలో మొదలైన, శాంతి పరిరక్షణ నేర్పే పియర్సన్ శిక్షణ కేంద్రం 2013లో మూతపడింది. మాజీ సైనికుల విషయంలో మాత్రం మెల్లగా కదలిక వచ్చింది. 2011లో చట్టాన్ని కొంత సవరించారు. 2019 నుంచి నెలవారీ జీవితకాల చెల్లింపు ఎంచుకునే వీలు కల్పించారు. ఇదంతా ఆయనొక్కరి వల్లే అనను, కోర్టుకెక్కిన మాజీ సైనికులూ, సంఘాలూ చాలా పోరాడాయి. అయితే వాళ్లకి సభ రికార్డులో ఒక ఆధారం దొరికింది. బాల సైనికుల మీద ఆయన పట్టిన పని 2017లో వాంకూవర్ సూత్రాలుగా తేలింది. బాలల్ని యుద్ధాల్లో వాడుకోకుండా శాంతి దళాలు ఏం చేయాలో అందులో ఉంది, చాలా దేశాలు ఒప్పుకున్నాయి.

ఆయన 2014 జూన్‌లో రాజీనామా చేశారు. ఇంకో ఏడేళ్లు ఉండే హక్కుంది. మారణహోమాల నివారణ, బాల సైనికుల పనికి పూర్తి సమయం ఇవ్వాలని వెళ్లిపోయారు. సభకి అది నష్టమే అని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఉపసంఘంలో ఒక అధికారి కాగితం చూసి చదువుతుంటే, ‘ఆ కుర్రాడు ఇంటికెళ్లాక ఏమవుతుంది’ అన్న ధోరణిలో అడ్డం పడి అడిగేవాళ్లు తగ్గిపోయారు.

మీరు సొంతంగా చదవాలనుకుంటే సెనేట్ వెబ్‌సైట్లో హాన్సార్డ్ తేదీలవారీగా ఉంది, ఉచితం. మొదట 2005 మేలో సీ-45 మీద జరిగిన చర్చ చదవండి, తర్వాత ఉపసంఘం సాక్ష్యాలు, ఆ తర్వాత 2013 డిసెంబర్ 3. సభ ప్రసంగాలకంటే ఉపసంఘం సాక్ష్యాలకే ఎక్కువ సమయం కేటాయించండి. ప్రసంగాల్లో ఆవేశం దొరుకుతుంది, ఒక విధానం మనిషి బతుకులో ఎక్కడ తెగిపోతుందో సాక్ష్యాల్లోనే తెలుస్తుంది. ఎక్కడైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, తేదీ చెబితే వెతికి చెబుతాను.