చెల్లి లండన్ చదువు, అన్న సంతకం

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లెటూరు. నాన్నకు నాలుగెకరాల మామిడి తోట ఉంది, అంతా తోతాపురి. నాకు 29 ఏళ్లు. తిరుపతిలో ఓ ప్రైవేటు సంస్థలో అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. జీతంలో సగం ఇంటికే ఇస్తాను. ఈ ఏడాదే డిగ్రీ పూర్తిచేసిన చెల్లికి లండన్‌లోని ఓ విశ్వవిద్యాలయంలో ఏడాది మాస్టర్స్ కోర్సులో సీటు వచ్చింది. ఫీజు, ఖర్చులు కలిపి 40 లక్షలు కావాలి. తోట తాకట్టు మీద ఇవ్వలేమని బ్యాంకు వాళ్లు చెప్పారు. నేను సంతకం పెడితే హామీ లేకుండా ఇస్తామని మరో రుణ సంస్థ అంది. నేను పెట్టనన్నాను. ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం పంపకూడదని గట్టిగా వాదించాను. దాంతో నాన్న తెలిసిన మండీ యజమాని దగ్గర తోట కాగితాలు పెట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తానంటున్నారు. చెల్లి నాతో మాట్లాడటం మానేసింది. నా పెళ్లి ఊసు రెండేళ్లుగా ఎవరూ ఎత్తడం లేదు. నాకూ సీఏ చదవాలని ఉండేది, కుదరలేదు. నేను చేస్తున్నది తప్పా?
– ఒక అన్న, చిత్తూరు జిల్లా

జవాబు: సంతకం పెట్టడానికి వెనకాడటం తప్పు కాదు. అందుకు మీరు ఇంట్లో చెప్పిన కారణమే తప్పు.

ఇంత పెద్ద ఉత్తరంలో ఆడపిల్ల, ఒంటరి, దూరం అన్న మాటలకు ఒక్క వాక్యమే దక్కింది. మిగిలినదంతా అప్పు, తోట, మీ పెళ్లి, మీ చదువు. మీకు నొప్పి ఎక్కడుందో నాకు తెలుస్తోంది. మీ చెల్లికి తెలిసే దారే లేదు. ఆమె చెవిన పడింది ఆ ఒక్క వాక్యమే. కష్టపడి సీటు తెచ్చుకున్న పిల్లకు అది ‘నిన్ను నమ్మలేను’ అన్నట్టే వినిపిస్తుంది. మాట్లాడటం మానేసిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ముందు మండీ అప్పు సంగతి. అది ఆగి తీరాలి. మీరు లెక్కలు రాసే మనిషి, నాన్న పక్కన కూర్చుని కాగితం మీద వేసి చూపించండి. 40 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 80 వేలు. 2025లో తోతాపురికి ఎంత గడ్డు సీజను వచ్చిందో మీ ఇంటికి నేను చెప్పనక్కరలేదు. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 కలుపుతుందని ప్రకటించాల్సి వచ్చింది. ఎకరాకు నాలుగు టన్నులు కాసి, ఆ 12 రూపాయలూ పూర్తిగా చేతికొచ్చినా నాలుగెకరాలకు రెండు లక్షలు నిండవు. మందులు, కూలీలు, కాపలా ఖర్చులు తీయకముందే అంత. ఏడాది పంట మొత్తం పోసినా మూడు నెలల వడ్డీకి చాలదు. పైగా కాయ కొనేవాడూ అప్పిచ్చినవాడూ ఒకరే అయితే, ధర దగ్గర నిలదీసే నోరు మీ నాన్నకు ఉండదు. ఈ మాట ఆయనకు వడ్డీ లెక్క కన్నా త్వరగా అర్థమవుతుంది.

ఇక మీ సంతకం. అది ఇంట్లో వాళ్లు అనుకుంటున్నంత చిన్న విషయం కాదు. సహ రుణగ్రహీతగా సంతకం పెడితే ఆ అప్పు మీ పేరు మీదా ఉన్నట్టే. మీ సిబిల్ చరిత్రలో, అంటే బ్యాంకులు చూసే మీ అప్పుల రికార్డులో కనిపిస్తుంది, రేపు మీరు ఇంటి రుణానికి వెళ్తే అడుగుతారు, చెల్లి కట్టలేని నెల మీరు కట్టాలి. 40 లక్షలకు 11 శాతం వడ్డీ వేసి పదేళ్లలో తీర్చాలంటే నెలకు 55 వేల రూపాయలు. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. పెళ్లి చేసుకోబోయే మనిషి ఇది ఆలోచించడాన్ని స్వార్థం అనకూడదు.

చెల్లిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: లండన్‌లో ఉద్యోగం రాకుండా తిరిగి వచ్చి చెన్నైలోనో బెంగళూరులోనో చేరితే, ఆ జీతంతో ఈ వాయిదా కట్టగలవా? ఇప్పటిదాకా చదువయ్యాక అక్కడ రెండేళ్లు ఉండి ఉద్యోగం చూసుకునే వీసా ఉండేది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలకు తగ్గుతుంది. చదువుతూ సంపాదించి తీర్చేస్తుందనే మాటా వింటుంటాం. కోర్సు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు మించి పనిచేయకూడదు. ఏడాది మాస్టర్స్‌లో వేసవి కూడా సెలవు కాదు, సిద్ధాంత వ్యాసం రాసే సమయం. ఆ పనితో తిండి ఖర్చులో కొంత వస్తుందేమో, ఫీజు రాదు. వీసాకు ఫీజు కాక లండన్ ఖర్చుల కింద నెలకు 1,529 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు చూపించాలి, అంటే 15 లక్షల పైమాటే. ఆ సొమ్ము 28 రోజులు ఖాతాలో ఉండాలి కదా అని, చూపించడానికే డబ్బు సర్దుతామనే మధ్యవర్తులు తగులుతారు. వాళ్ల గడప తొక్కకండి.

ఇవన్నీ చూశాక కూడా లెక్క కుదిరితే, రుణం చెల్లి పేరు మీదే ముఖ్యంగా ఉండేలా, ఆమె ఎప్పటి నుంచి ఎంత కడుతుందో ఇంట్లో అందరి ముందు రాసుకుని సంతకం పెట్టండి. కుదరకపోతే సీటును వచ్చే ఏడాదికి మార్చమని అడగవచ్చు, చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పుకుంటాయి. అడ్వాన్సు కట్టేముందే అడగాలి. నా మనసు మాత్రం మరో దారి వైపు ఉంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఇలాంటి ఏడాది మాస్టర్స్ కోసమే ఉంది. ఫీజు, నెల ఖర్చులు, విమాన ఛార్జీలు వాళ్లే భరిస్తారు. 2,800 గంటల ఉద్యోగ అనుభవం కావాలి, పూర్తికాలం పనిచేస్తే సుమారు ఏడాదిన్నర. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతుంది. పోటీ తీవ్రంగా ఉంటుంది, వస్తుందని మాట ఇవ్వలేను. కానీ 22 ఏళ్ల పిల్లకు రెండేళ్లు ఆలస్యం నష్టం కాదు, ఉద్యోగం చేసి వెళ్లినవారికి అక్కడా విలువ ఎక్కువ.

ఒంటరితనం గురించి మీ భయం పూర్తిగా ఉత్తిది కాదు. డిసెంబరులో లండన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. ఆ చలిలో, కొత్త చదువు ఒత్తిడిలో మగపిల్లలూ దిగాలు పడతారు. ఆమె ఎప్పుడు వెళ్లినా ఆ నెలల్లో ఫోను చేయాలనిపించే అన్నగా మీరు ఉండాలి, ఇప్పటి మౌనాన్ని అందుకైనా పోగొట్టుకోవాలి.

ఉత్తరం చివర సీఏ గురించి రాసిన వాక్యాన్ని నేను చాలాసేపు చూశాను. ఆ రోజు మీ చదువు ఆగినప్పుడు ఇంట్లో ఎవరూ ఇలా తోట కాగితాలు బయటికి తీయలేదు. ఆ బాధ న్యాయమైనది. దాన్ని చెల్లి మీద కాదు, అమ్మానాన్నల ముందు పెట్టండి, నింద వేసినట్టు కాకుండా: ‘నేను చదువు మానుకున్నాను, ఇన్నేళ్లు డబ్బు ఇచ్చాను, నా పెళ్లి గురించి కూడా మీరు ఆలోచించాలి’ అని. వాళ్లకు ఇది తెలియదని కాదు, మీరు నోరు తెరవలేదు కాబట్టి మీకు ఏ లోటూ లేదనుకుని ఉంటారు. సీఏ కూడా ముగిసిపోయిన కథ కాదు. దానికి వయోపరిమితి లేదు.

ఈ ఆదివారమే ఊరికి వెళ్లండి. నాన్న మండీకి వెళ్లేలోపు ముందు చెల్లితో విడిగా మాట్లాడండి. ‘ఆడపిల్లవని అన్న మాట తప్పు, నా భయం అప్పు గురించి’ అని చెప్పి, లెక్క కాగితం ఆమె చేతికే ఇవ్వండి. నాన్నకు ఆ లెక్క ఆమే వివరించనివ్వండి.